బుధవారం కోసం పెట్టుకున్న అర్జీ

నడింపాలెం కాలనీలో తొమ్మిదేళ్లుగా మంగళవారమే నడుస్తోంది. రసాయనాల ఫ్యాక్టరీ నుంచి గ్యాసు లీకైన ఆగస్టు పదకొండో తేదీ మంగళవారాన్ని, విచారణ కమిషన్ నివేదిక ఇచ్చేవరకు ముగించరాదని అప్పట్లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కాలనీ మొదట్లో ఉన్న తూము వరకు అది వర్తిస్తుంది. తూము దాటితే మామూలు తేదీలుంటాయి. కాలనీలో సూర్యుడు ఉదయించడం, అస్తమించడం యథావిధిగా జరుగుతున్నాయి గానీ, వాటిని తేదీకి సాక్ష్యంగా తీసుకోకూడదని ఉత్తర్వులోనే రాశారు.

కమిషన్ ఆలస్యం చేసిందని ఎవరూ అనడానికి లేదు. ఘటన జరిగిన మర్నాటి నుంచి తొంభై రోజులు దాని గడువు. మర్నాడు ఇంకా రాలేదు. ఫ్యాక్టరీ లైసెన్సు ఆగస్టు పదకొండుతో ముగియాలి. ఫ్యాక్టరీ కూడా తూముకు ఇవతల, కాలనీ వైపే ఉంది కాబట్టి ఆ లైసెన్సు ఇంకా చెల్లుతోంది.

జనం సర్దుకున్నారు. మంగళవారం క్షవరం పనికిరాదు గనుక మగవాళ్లు తూము దాటి వెళ్లి చేయించుకుంటారు. మంగళవారం ఆడపిల్లను అత్తవారింటికి పంపకూడదు గనుక కొత్త పెళ్లికూతుళ్లను తూము అవతలి టీ దుకాణంలో కాసేపు కూర్చోబెట్టి, అక్కణ్ణుంచి సాగనంపుతారు. ‘నిన్న’ అనే మాట వాడకం తగ్గిపోయింది. ఒకసారి పట్నం నుంచి మానసిక వైద్యుడొకాయన వచ్చి, రోజులు గడిచేకొద్దీ దుఃఖం తగ్గుతుందని చెప్పాడు. రోజులు గడవనివాళ్ల సంగతేమిటని అడిగితే, భోజనం చేసి వచ్చి చెబుతానన్నాడు. కాలనీ లెక్కలో ఆయన ఇంకా భోజనం దగ్గరే ఉన్నాడు.

బుధవారం కావాలని పోరాడుతున్నది మజ్జి అసిరితల్లి. అంగన్‌వాడీలో ఆయా. ఈ మంగళవారం మొదలైనప్పుడు ఆమెకు ముప్పై ఆరేళ్లు. ఘటన కోసం ఏర్పాటుచేసిన ప్రత్యేక కార్యాలయం కాలనీ కమ్యూనిటీ హాల్లోనే ఉంది. ప్రత్యేకాధికారి కామేశంగారు పొద్దున్నే తూము దాటి వచ్చి, అదే తేదీ కింద సంతకం పెడతారు. హాజరు పుస్తకంలో ఆ పేజీ చాలక, కింద కాగితాలు అంటించుకుంటూ పోయారు. ఇప్పుడు దాన్ని చీర మడతపెట్టినట్టు మడతపెట్టి బీరువాలో దాస్తున్నారు.

అసిరితల్లి ఇచ్చిన అర్జీలు నాలుగు వందలు దాటాయి. ఒకే మనిషి, ఒకే విషయం మీద, ఒకే రోజున ఇచ్చినవి కాబట్టి మొదటిది ఉంచుకుని, తక్కినవి నకళ్లుగా భావించి తిరిగి ఇచ్చేశారు.

“ఒక్క రోజులో ఇన్ని అర్జీలేమిటమ్మా? కాస్త ఓపిక ఉండాలి,” అన్నారు కామేశంగారు.

“నా తలకాయ సూడు బావూ,” అంది అసిరితల్లి. “పొద్దున్న నల్లగుండీది.”

కామేశంగారు చూసి, నిజమేనని ఒప్పుకున్నారు.

బోర రత్నాలుది పక్కిల్లు. గ్యాసు వచ్చిన వేళ ఆమె నిండు చూలాలు. కూతురు సింధు అదే తేదీన పుట్టినట్టు నమోదైంది. ఇప్పుడు ఆ పిల్లకు ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చు. తూము అవతలి బడిలో ప్రధానోపాధ్యాయుడు అన్నీ ఒప్పజెప్పించుకుని మెచ్చుకున్నాడు. కానీ పుట్టినతేదీ పత్రం ప్రకారం వయసు ఒక రోజైనా నిండలేదని, ఐదేళ్లు నిండాక తీసుకురమ్మని పంపేశాడు.

చివరికి అసిరితల్లి కోర్టుకు వెళ్లింది. కోర్టు తూము అవతల ఉంది కాబట్టి అక్కడ తీర్పు వచ్చే వీలుంది. వచ్చింది. అర్జీదారు సంతకం తీసుకుని, ఆ సాయంత్రమే ఐదు గంటలకు మంగళవారాన్ని ముగించి బుధవారాన్ని ప్రారంభించాలన్నారు. రత్నాలు ఇంటింటికీ బెల్లం ముక్కలు పంచింది.

కామేశంగారు తీర్పు చివరనున్న అనుబంధం చదివి వినిపించారు. ఘటన జరిగిన రోజున చనిపోయినవాళ్లే ఘటనలో మృతులు. పొద్దున్న పన్నెండు మంది. ఆ తర్వాత ఒక్కొక్కరుగా పోతూ ఇప్పటికి డెబ్భై ఒక్కరయ్యారు. ఫ్యాక్టరీ యాజమాన్యం మీద నడుస్తున్న కేసు ఆ జాబితాను బట్టే. రోజు ముగిస్తే జాబితా కూడా ముగుస్తుంది.

“మరి మా ఆయనో?” అంది అసిరితల్లి. భర్త గౌరీసు ఆక్సిజన్ సిలిండరు పక్కన పడుకుని ఉన్నాడు.

“ఐదులోపు అయితే ఘటనలో మృతి. ఐదు దాటితే సహజ మరణం.”

“డాకటేరు నెల్లాళ్లుంటాడన్నాడు బావూ.”

“మంచి కబురే కదమ్మా,” అన్నారు కామేశంగారు. “జాబితాకే పనికిరాదు.”

ఆమె ఇంటికి వెళ్లింది. గౌరీసు ముక్కు దగ్గరి గొట్టం పక్కకు జరిపి, “ఏటే, గెలిసీసినావంట?” అన్నాడు.

ఆమె సంగతంతా చెప్పింది. అతను చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

“ఇన్నేళ్లు బుధారం బుధారం అని ఊరంతా తిరిగినావు. ఇప్పుడు గంటలో పోయీమంటే నానెలాగ పోతానే? లుంగీ అయినా మార్సుకోనీ.”

“ఎకసెక్కాలు సాలు. నిన్ను సంపినోడి లెక్కలో నువ్వుండాల.”

“నేకపోతే ఏటవుద్ది?”

“నీ అంతట నువ్వే సచ్చిపోనావంటారు.”

ఆ మాటకు గౌరీసు నవ్వలేదు. గొట్టం మళ్లీ ముక్కుకు పెట్టుకున్నాడు.

గుమ్మం దగ్గర రత్నాలు నిలబడి ఉంది. “అప్పా, తొరగా సంతకం ఎట్టీ. రేపు మా గుంటని బడికి తోల్తాను,” అంది. ఆమె వెనక, గౌరీసులాగే సిలిండరు మీద మనిషి ఉన్న మరో పదమూడు ఇళ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. వాళ్లేమీ అడగలేదు. రత్నాలు అడిగిందీ, వాళ్లు అడగనిదీ రెండూ తన గొంతుతోనే లోపల వినిపించడం అసిరితల్లి గమనించింది. ఏది ముందు మొదలైందో ఆమెకు తేలలేదు.

ఐదుకు పావుగంట ముందు ఆమె వెళ్లి వాయిదా అడిగింది. కామేశంగారు ఆశ్చర్యపోలేదు. దానికి ఒక ఫారం ఉంది. పేరు, వయసు, పోవడానికి పట్టే అంచనా గడువు. అసిరితల్లి ఇంటింటికీ తిరిగి, మంచాల పక్కన కూర్చుని అడిగి రాసింది. ఎవరూ ఎక్కువ గడువు కోరలేదు. ఒక ముసలాయన మాత్రం, అందరికీ ఇబ్బందవుతుందంటే ఇంకో వారం తగ్గించి రాసుకోమన్నాడు.

“బాధితుల కోరిక మేరకు తేదీని పొడిగించడమైనది” అని ఉత్తర్వు వచ్చింది. నివేదిక ఆలస్యానికి అప్పటినుంచి బాధ్యత అసిరితల్లిదైంది. ఈ జాప్యం పట్ల ఫ్యాక్టరీ వకీలు కోర్టులో విచారం వ్యక్తం చేశాడు.

గౌరీసు ఇరవై ఆరు సూర్యోదయాల తర్వాత, మంగళవారమే పోయాడు. డెబ్భై రెండో పేరు. కామేశంగారు ఇంటిపేరు అడిగి, తప్పు లేకుండా గుండ్రంగా రాశారు. ఇక సంతకం పెడదామని అసిరితల్లి వెళ్లింది. కానీ ఫారంలో పేర్లు అప్పటికి పంతొమ్మిదయ్యాయి.

నిబంధన ప్రకారం ఐదు గంటలకు కామేశంగారు అడుగుతారు: “ముగించమంటారా?” అసిరితల్లి జాబితా పైనుంచి కింది దాకా చదివి, “ఈరోజుకి వొద్దు బావూ,” అంటుంది. రత్నాలు మాత్రం తప్పకుండా వచ్చి, “ముగించీండి!” అని గట్టిగా అరుస్తుంది. “నీ మొగుడి పేరు ఎక్కీసింది కదా అప్పా, ఇంకేటి నీకు? మా గుంట ముసిల్దయ్యాక బడికెల్లాలా?” అంటుంది. కామేశంగారు పుస్తకంలో ‘ఒక అభ్యంతరం’ అని రాసుకుంటారు. ఇది చాలాకాలం సాగింది, ఒకే రోజులో సాధ్యమైనంత కాలం.

ఒక సాయంత్రం రత్నాలు నాలుగింటికే వచ్చింది. సింధును చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఆ పిల్ల మేకపిల్ల వెనక పదడుగులు పరుగెత్తి కూలబడిందని, పెదాలు నీలంగా మారాయని, డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడని, ఎవరూ అడగకుండానే చెప్పింది.

“పేరు రాసుకో అప్పా,” అంది.

“ఎవలదే?”

రత్నాలు పిల్లను ముందుకు జరిపింది.

అసిరితల్లి కలం తీసింది గానీ రాయలేదు. సింధు ఆ కలం అందుకుని, “నాకొచ్చు పెద్దమ్మా,” అని, తన పేరు తనే రాసుకుంది. అక్షరాలు గీత మీద తిన్నగా వచ్చాయి. వయసు దగ్గర కామేశంగారు ‘ఒక రోజు లోపు’ అని నింపారు. అంచనా గడువు దగ్గర ఆయన రత్నాలు వైపు చూసి, ఆ గడి వదిలేశారు.

ఐదైంది. “ముగించమంటారా?” అని అడిగారు.

అసిరితల్లి ఇంకా జాబితా చదువుతూనే ఉంది. “వొద్దు బావూ,” అంది రత్నాలు.

కామేశంగారు అలవాటు ప్రకారం అభ్యంతరం కోసం కాసేపు ఆగారు. రాలేదు. పుస్తకం తెరిచి, ‘ఏకగ్రీవంగా’ అని మొదటిసారి రాశారు.