అలీ కాలువా? టైసన్ కాలువా?

ఆటోనగర్‌లోని ఒకానొక రోడ్డు వర్క్‌షాపు యజమానుల సంఘానికి ఈసారి అధ్యక్ష ఎన్నిక పూర్తిగా సిద్ధాంత ప్రాతిపదికన జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. బిర్యానీ పొట్లాల వంటి అల్పవిషయాలను సభ్యులు పక్కన పెట్టారు. బాక్సర్లు ముహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మాంచి వయసులో ఉండగా తలపడితే ఎవరు గెలిచేవారన్న ఒకే ఒక్క ప్రశ్న మీద ఓటు వేశారు.

ఇంతటి చైతన్యానికి కారకుడు హరిబాబు. అరిగిన లారీ ఇంజన్ల సిలిండర్లను తొలిచి సరిచేసే బోరింగు పని చేసే మనిషి. వాన పడితే రోడ్డు మురుగంతా అతని షాపులోకే వస్తుంది. నీళ్ళు అంటకుండా బోరింగు మిషన్ను ఇటుకల మీదికి ఎత్తీ ఎత్తీ విసిగిపోయాడు. ఇంకొక్కసారి మునిగితే మోటారు దక్కదని ఎలక్ట్రీషియన్ తెగేసి చెప్పాడు. అందుకని, పాపం, కాలువ తవ్విస్తానంటూ అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. అంత చిన్న కోరికతో ఎన్నికల్లో దిగడం అతని అనుభవలోపం.

ప్రచారం మొదటిరోజునే టీ బడ్డీ దగ్గర టైర్ల షాపు సాయిగణేష్ ఫోనులో ఏదో పాత వీడియో చూస్తూ, "హరిబాబు గారూ, అలీ, టైసన్ కొట్టుకుంటే ఎవరండీ నెగ్గేది?" అని అడిగాడు. కాలువ వాలు ఎటు పెట్టాలా అని ఆలోచిస్తున్న హరిబాబు, "అలీయేమోనండీ" అనేసి టీ తాగి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికల్లా ప్రత్యర్థి జక్కయ్య ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో జక్కయ్య నమస్కారం పెడుతుంటే, వెనకాల టైసన్ ఆశీర్వదిస్తున్నట్టు గ్లవ్సు ఎత్తి నిలబడ్డాడు. మర్నాడు హరిబాబుకి మాటమాత్రం చెప్పకుండా అలీ ఫ్లెక్సీకి పాలాభిషేకం జరిగింది. సభ్యుల్లో ఒక్కరైనా బాక్సింగ్ పోటీని మొదలునుంచి చివరిదాకా చూసినవారు లేరు. దానివల్ల వాదనకు ఎటువంటి ఆటంకమూ కలగలేదు.

"ఇంతకీ ఇద్దరిలో మనవాళ్ళెవరు?" అన్న శాస్త్రీయ చర్చ కూడా కొంతకాలం నడిచింది. అది ఎటూ తేలకపోవడంతో నిపుణుణ్ణి పిలవాలని ఉభయపక్షాలూ తీర్మానించాయి. కంకిపాడునుంచి వీరభద్రయ్య గారిని కారులో తీసుకొచ్చారు. పోట్లాటల్లో ఆయన తలపండిన మనిషి. ఆ అనుభవమంతా పందెం కోళ్ళతో వచ్చిందన్నది వేరే సంగతి.

ఆయన వీడియో చూసి, "బానే మేపారు. కత్తి కడతారా, కట్టరా?" అన్నారు.

"కత్తులుండవండీ. ఉత్త గ్లవ్సే," అన్నాడు సాయిగణేష్.

"కత్తి లేకుండా పందెమేంటయ్యా! సర్లే, ఏ వారం దింపుతున్నారు?"

ఆదివారమైతే అలీది, మంగళవారమైతే టైసన్‌ది పైచేయి అని తీర్పు చెప్పి, భోంచేసి వెళ్ళారు. ఎన్నిక ఆదివారం. దాన్ని మంగళవారానికి మార్చాలని జక్కయ్య వర్గం ఆ పూటే ఆందోళనకు దిగింది.

"ఏవండీ, ఆ టైసనే గొప్పని ఒక్క ముక్క అనేస్తే మీ సొమ్మేం పోయింది? రెండువైపుల ఓట్లూ పడతాయి. మనక్కావాల్సింది కాలువ కదా!" అంది హరిబాబు భార్య రాజేశ్వరి.

వారం కిందటైతే హరిబాబు అలాగే అనేవాడు. కానీ ఈలోగా వీడియోలు చూసీ చూసీ అతనికి అలీ మీద భక్తి కుదిరింది. "నువ్వూరుకో. నీకు ఫుట్‌వర్క్ గురించి ఏం తెలుసు?" అని కసిరాడు.

ఎన్నిక చివరికి ఆదివారమే జరిగింది. ఓటింగుకు ముందు సభలో హరిబాబు కాలువ గురించి మాట్లాడాలనే లేచాడు. మైకు అందగానే నోటికి వేరే మాట వచ్చింది. "సోదర సభ్యులారా! అలీ వెనకడుగు వేస్తే అది పారిపోవడం కాదు, వ్యూహం! ఆ అడుగుజాడలే మన సంఘానికి శరణ్యం!" చప్పట్లకి షెడ్డు రేకులు అదిరాయి. హరిబాబు గెలిచాడు.

తొలి సమావేశంలో కాలువ తీర్మానం పెట్టాడు. అలీ కాలువను తమ షాపుల ముందునుంచి పోనిచ్చేది లేదనీ, టైసన్ పేరు పెడితే ఆలోచిస్తామనీ జక్కయ్య వర్గం ప్రకటించింది. "ప్రాణం పోయినా ఒప్పుకోను!" అన్నాడు హరిబాబు. ఆ నిబద్ధతకు మెచ్చి అతని వర్గం అక్కడికక్కడే శాలువా కప్పింది. తీర్మానం వీగిపోయింది.

ఆ నెలలోనే పెద్ద వాన పడింది. షాపులో మోకాటిలోతు మురుగు నిలిచింది. మిషను ఒరిగి, మోటారు పొగ చిమ్మి ఆగిపోయింది. అన్నం పెట్టిన మిషను అలా మునిగిపోతుంటే రాజేశ్వరి గుమ్మంలో నిలబడి ఏడ్చింది. హరిబాబుకీ దుఃఖం ఆగలేదు. ఇంతలో ఎదురుగా, అంతే లోతు నీళ్ళలో, తన సామాన్లు పైకెత్తుకుంటున్న జక్కయ్య కనిపించాడు. హరిబాబు గబగబా కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏవండీ జక్కయ్య గారూ! ఈ నీళ్ళలో మీ టైసన్ అడుగు తియ్యగలడా?"

"మీ అలీ మాత్రం ఎగురుతాడేంటండీ?"

చర్చ ఆరోగ్యకరమైన వాతావరణంలో సాగుతోంది. చుట్టుపక్కల షాపులవాళ్ళు ప్యాంట్లు పైకి మడుచుకుని వచ్చి రెండువైపులా నిలబడ్డారు. నీళ్ళు తోడించే సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఇంతవరకూ ఓపిగ్గా చదివిన మీరు కూడా ఈపాటికి మనసులో ఒక పేరు ఖాయం చేసుకునే ఉంటారు, కాలువ ఎవరు తవ్వుతారని మాత్రం అడగరు.