చీపురుపల్లిలో పోయిన నాన్న

ఆదివారం పొద్దున్నే ప్యాసింజర్లో విజయనగరం వెళ్లి, పెళ్లిచూపులు చూసుకుని, భోజనాల వేళకి తిరిగి ఆమదాలవలస వచ్చేయాలని తండ్రీకొడుకుల ప్లాను. ముప్పై నాలుగేళ్ల ప్రదీప్‌కి ఇది పన్నెండో సంబంధం. అర్చన ఫొటో చూసిన నాటినుంచీ అతనికి అన్నం సహించడం లేదు. ఇది గానీ తప్పిపోతే ఇక బ్రహ్మచర్యమే గతి అని తేల్చేసుకున్నాడు పాపం.

చీపురుపల్లిలో తండ్రి రంగనాథం టీకి దిగాడు. ఊదుకుంటూ తాగుతూ ఉండగా బండి కదిలింది. ఆయన సెల్లు సీటు మీదే ఉండిపోయింది. "నువ్వెల్లిపోరా! నాను బస్సులో వస్తాను!" అని ప్లాట్‌ఫారం మీంచి చెయ్యి ఊపాడు.

ఈ సంగతి పెళ్లికూతురి తండ్రి మురళీమోహన్‌కి చెప్పాలి కదా. అమ్మాయి ఇంగ్లీషు టీచరాయె, తెలుగులో రాస్తే నామోషీ. 'మిస్' అని రాద్దామంటే పెళ్లికాని పిల్ల ఉన్న ఇంటికి ఆ మాట బాగుండదనిపించింది. కిందా మీదా పడి, "వియ్ లాస్ట్ ఫాదర్ ఎట్ చీపురుపల్లి" అని ఇంగ్లీషులో మెసేజ్ కొట్టి పంపేశాడు. నాన్న తప్పిపోయాడని అతని ఉద్దేశం. నాన్న చనిపోయాడని దాని అర్థం. ఆ తేడా చెప్పే నాథుడు బోగీలో లేకపోయాడు.

బండి నెల్లిమర్లలో గూడ్సుకి దారిచ్చి గంటసేపు ఆగి, ఎట్టకేలకు విజయనగరం చేరింది. మురళీమోహన్ ఎర్రబడ్డ కళ్లతో ఎదురొచ్చి ప్రదీప్‌ని వాటేసుకున్నాడు.

"ఎలాగ పోయారు బాబూ?"

"టీకని దిగారండి. అంతే, పోయారు."

"బాధపడ్డారా?"

"లేదండి, నవ్వుతూనే ఉన్నారు."

"పుణ్యాత్ములు! మరిప్పుడాయన దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి. ముందు పెళ్లిచూపులు కానిచ్చీసి, ఆయన సంగతి తరవాత సూద్దామని వచ్చీసినాను."

మురళీమోహన్ చేతులు వదిలేశాడు. ఇంటిదాకా విసవిసా ముందు నడిచాడు. బండి తప్పినంత మాత్రాన ఇంత కోపమా అనుకుంటూ ప్రదీప్ వెనకే పరుగెత్తాడు.

ఇంటి దగ్గర, ముందెళ్లిన మురళీమోహన్ చెప్పింది విని, అర్చన నాయనమ్మ సూర్యకాంతం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏటిరా, కన్నతండ్రి శవాన్ని స్టేషన్లో ఒగ్గీసి పిల్లని సూసుకోడానికొచ్చినావా? నీలాంటోడికి మా పిల్లనిస్తామా? నడు!"

"శవమేటండి?" అన్నాడు ప్రదీప్. తలుపు పక్కనుంచి అర్చన అతణ్ణి పురుగుని చూసినట్టు చూస్తోంది. ఇదీ పోయిందిరా భగవంతుడా అనుకున్నాడు.

అప్పుడే వీధిలో ఆటో ఆగింది. "ఎండ మండిపోతన్నాది, కాసిన్ని మంచినీళ్లివ్వండమ్మా!" అంటూ రంగనాథం దిగాడు. సూర్యకాంతం కెవ్వుమని అరుగు మీద కూలబడింది.

ఫోను చేతులు మారింది, విషయం బయటపడింది. "ఇంగ్లీషుని అని ఏటి లాభం? తెలుగులోనూ పోయారనే కదా సెప్పినారు!" అని అర్చన పడీపడీ నవ్వింది. అందరితోపాటు నవ్వుతున్న రంగనాథం ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఒరే, ఒకేళ నాను నిజంగానే పోయుంటే? ఒగ్గీసి వచ్చీసుందువా?"

ఛఛ అని వెంటనే అనాల్సింది. ప్రదీప్ ముందు ఒక్కసారి అర్చన వైపు చూసి, అప్పుడన్నాడు: "అదేటి నాన్నా, ఛఛ!"

ఆ కాస్త ఆలస్యం అందరికీ అర్థమైంది. అర్చన మొహం సిగ్గుతో ఎర్రబడింది. "నాకిష్టమే నాన్నా," అని లోపలికి పరుగెత్తింది.

రంగనాథం కొడుకుని ఎగాదిగా చూసి, మురళీమోహన్ వైపు తిరిగాడు. "ముహూర్తం వేగిరం పెట్టించండి బావగారూ. పెళ్లికి నానూ ఉంటే బాగుంటాది."