దిష్టి తగలని విజన్ బోర్డు

విజన్ బోర్డు లేని ఇల్లు అసలు ఇల్లే కాదు! ఈ మాట అంటున్నది ఎవరో కాదు, అలెగ్జాండ్రియాలోకి కొత్తగా ఏది వచ్చినా ముందు నవ్వి, ఆనక అందరికంటే ముందు వెళ్లి క్యూలో నిలబడే, ఈ కాలమ్ రాసే మీ రిఫాత్.

ఇంకా తెలియని అమాయకులుంటే వాళ్ల కోసం చెబుతాను. ఒక అట్ట తీసుకోండి. పాత పత్రికల్లోంచి మీకు కావలసినవాటి బొమ్మలు కత్తిరించండి. ఇల్లు కావాలంటే ఇల్లు, కారు కావాలంటే కారు, సన్నటి నడుం కావాలంటే నడుం. వాటిని అట్టకు అంటించి, రోజూ కనబడేట్టు గోడకు తగిలించండి. అంతే! మిగతాదంతా విశ్వం చూసుకుంటుంది. పాపం విశ్వానికి మాత్రం వేరే పనేముంది?

ఇంత సులువైన దారి ఉండగా మా తాత రేవులో పత్తి బేళ్లు మోసి నడుం విరగ్గొట్టుకున్నాడే అని నాకు ఈమధ్య జాలి వేస్తోంది. ఆయనకు ఒక కత్తెర, కాస్త జిగురు ఇచ్చేవాళ్లే లేకపోయారు.

ఈ బోర్డు మీద నాకెంత నమ్మకమంటే, దానివల్ల మా ఆవిడ సఫీనాజ్ నాతో మాట్లాడటం మానేసినా నమ్మకం సడలలేదు. పూర్తిగా మానేసిందని అనను, అది అన్యాయం. "భోజనం టేబుల్ మీద ఉంది" అనేది. "కాళ్లు తియ్యి, తుడవాలి" అనేది. అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఆవిడకు నిజంగా ఏం కావాలో నేను కనుక్కుంటే గానీ ఈ ఇంట్లో నాకు మాట పుట్టదని అర్థమైంది.

సంగతి మొదట్నుంచీ చెబుతాను.

మా క్లబ్బులో జీలాన్ అనే అమ్మాయి విజన్ బోర్డు శిక్షణ పెట్టింది. దుబాయ్ వెళ్లి నేర్చుకొచ్చిందట. మల్లెపువ్వుల్లాంటి తెల్ల బూట్లు వేసుకుని, గదిలో ఒక్కచోట నిలవకుండా తిరుగుతూ చెప్పింది. "మీ కోరికల్ని దాచకండి! విశ్వానికి గట్టిగా వినబడేట్టు చెప్పండి! బోర్డుని హాల్లో పెట్టండి, వచ్చేపోయేవాళ్లంతా చూడాలి!"

గదిలో ఉన్నవాళ్లంతా చేతిసంచులు ఒళ్లోకి లాక్కున్నారు.

ఆ మాట ఆ పిల్ల ఎవరితో అందనుకున్నారు? మాతో! నెలలు నిండేదాకా కడుపుని అజీర్తి అని చెప్పే ఆడవాళ్లతో. విమానం ఎక్కి కూర్చున్నాక గానీ సొంత తమ్ముడికైనా ప్రయాణం సంగతి చెప్పని మగవాళ్లతో. కొడుకు ఊరికి మొదటివాడిగా వస్తే "ఏదో గట్టెక్కాడులే" అని మొహం వేలాడేసే తల్లులతో. చొక్కా బాగుందని ఎవరైనా అంటే, లేని చిరుగు వెతికి మరీ చూపించే జాతి మాది! మా ఊళ్లో పిల్లలు నడక నేర్చేలోపు దిష్టి సంగతి నేర్చుకుంటారు.

ముందుగా తేరుకున్నది హజ్జా ఇనాయత్. మా కింది అంతస్తులో ఉంటారు, మక్కా వెళ్లొచ్చిన పెద్దావిడ.

"అమ్మాయ్, హాల్లో పెట్టమంటున్నావు. మా తోడికోడలు రోజూ వస్తుందే, ఆవిడ చూస్తేనో?"

"చూడనివ్వండి ఆంటీ! ఆవిడ పాజిటివ్ ఎనర్జీ కూడా కలుస్తుంది!"

"మా తోడికోడలి ఎనర్జీ సంగతి నీకు తెలీదు తల్లీ. పోయినేడు నా మల్లె తీగని చూసి 'ఎంత పచ్చగా ఉందో' అంది. సాయంత్రానికల్లా పొయ్యిలో పుల్ల."

జీలాన్ నవ్వేసి రంగు కాగితాలు పంచింది. కానీ మేం నవ్వలేదు. ఫీజు కట్టేశాం, లేచి వెళ్లిపోలేం. కోరిక బయటపెట్టలేం. అలాగని ఖాళీ అట్టతో ఇంటికెళ్తే పక్కవాళ్లు "ఏదో గట్టిదే దాస్తున్నాడు" అనుకుంటారు. ఏం చెయ్యాలి?

ఎవరూ ఎవరితోనూ సంప్రదించకుండా, అందరికీ ఒకే ఉపాయం తట్టింది. దీన్నే జాతి ఐక్యత అంటారు. ప్రతి ఒక్కరూ తమకు అక్కర్లేని దాన్ని అంటించారు!

మందుల షాపు షుక్రీ నా పక్కనే కూర్చున్నాడు. పక్క కొట్టు కూడా కొనేసి షాపు పెద్దది చెయ్యాలని వాడి కల. వాడు అంటించింది చేపలు పట్టే గాలం.

"నీకు చేపలంటే వాంతి కదరా?" అన్నాను.

"మెల్లగా ఉస్తాద్, మెల్లగా! కళ్లన్నీ గాలం మీద పడనీ. కొట్టు జోలికి రావు."

హజ్జా ఇనాయత్‌కు మనవడు డాక్టరు కావాలి. ఆవిడ పళ్లెం నిండుగా కునాఫా మిఠాయి అంటించింది, అదీ ఆవిడకు షుగరు ఉండగా. ఒకావిడ అట్ట మీద దిష్టి తగలకుండా కట్టే నీలిపూసలు గుచ్చీ గుచ్చీ బొమ్మలకు చోటే మిగల్చలేదు. మిగిలిన కాగితాలతో ఆడవాళ్లు తమకు బాగా తెలిసిన పని చేశారు. చిన్న చిన్న మనిషి బొమ్మలు కత్తిరించి, "ఇది ఆడపడుచు కన్ను, ఇది పైవాటా ఆవిడ కన్ను" అంటూ గుండుసూదులతో పొడిచారు, ఇంటికెళ్లి కాల్చి దిష్టి తీసుకోవడానికి. జీలాన్ వాటిని ఫోటోలు తీసుకుని, "అబ్బ, ఎంత క్రియేటివ్!" అని మురిసిపోయింది. ఒక బొమ్మకు తెల్ల బూట్లు ఉండటం ఆ పిల్ల గమనించినట్టు లేదు.

నేనా? నాకు సముద్రం కనబడే ఇల్లు కావాలి. అందుకని కాఫీ హోటల్లో కూర్చుని పాచికలాడుతున్న బొజ్జమనిషి బొమ్మ అంటించాను. తెలివిగలవాణ్ణి!

మరి బోర్డు పనిచేసిందా? చెయ్యకేం! షుక్రీ కొనాలనుకున్న కొట్టును వేరేవాడు కొన్నాడు. కొని ఏం పెట్టాడు? చేపల గాలాల దుకాణం! పొరుగువాడివి కదా అని షుక్రీకి మొదటి గాలం ఉచితంగా ఇచ్చాడు. హజ్జా ఇంటికి ముగ్గురు చుట్టాలు ఒకే వారంలో కునాఫా పళ్లేలతో దిగారు. ఇక నా సంగతి! రోజూ వచ్చే నా కాలమ్‌ని ఎడిటరు వారానికొకసారికి కుదించాడు. దాంతో ఊరంత తీరిక దొరికి కాఫీ హోటల్లో పాచికలాడుతున్నాను. బొజ్జ అంతకు ముందే వచ్చేసింది. బొమ్మలో వాడికి బట్టతల ఉందన్న సంగతి అంటించేటప్పుడు చూసుకోలేదు, అది కూడా దయచేసింది. ఇంత నిక్కచ్చిగా పనిచేసే ప్రభుత్వ శాఖ ఒక్కటి చూపించండి!

ఇప్పుడు సఫీనాజ్ బోర్డు దగ్గరికొద్దాం.

పెళ్లయిన నాటినుంచి ఆవిడకేం కావాలో నాకు తెలీదు. అడిగితే "ఏమీ వద్దు, నువ్వు ఆరోగ్యంగా ఉంటే చాలు" అంటుంది. దానితో ఏం చెయ్యగలం? కొని తేగలమా? అలాంటి మనిషి ఆ రోజు నాతో పాటు శిక్షణకొచ్చి అట్ట మధ్యలో ఒకే ఒక్క బొమ్మ అంటించింది. గుండ్రటి తలుపున్న వాషింగ్ మెషిన్. నా ఆనందం చూడాలి మీరు! ఇన్నేళ్ల రహస్యం బయటపడింది.

గది నిండా అబద్ధపు బొమ్మలే ఉన్నాయని తెలుసు. నా అట్ట మీద నేనే అబద్ధం అంటించాను. అయినా నా పెళ్లాం అట్ట మీద ఉన్నది మాత్రం నిజమని నమ్మాను! నా తెలివి ఎప్పుడూ ఇంతే, ఇంటి గుమ్మం దాకా బాగానే వస్తుంది, అక్కడ చెప్పులతో పాటు బయటే ఆగిపోతుంది.

మెషిన్ వచ్చిన రోజు నలుగురు కూలీలు దాన్ని కేకలు పెట్టుకుంటూ మెట్లెక్కించారు. ప్రతి అంతస్తులోనూ తలుపు తెరుచుకుంది. నేను వెనకే నడుస్తూ, పెళ్లికొడుకు తండ్రిలా అందరికీ తల పంకిస్తూ వచ్చాను. ఆ వారం కాలమ్ కూడా దాని మీదే, "మా ఆవిడ కల పండింది" అని. మీరు చదివే ఉంటారు.

సఫీనాజ్ ఆ అట్టపెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏంటిది?"

"నీ కల!"

"బట్టలుతకడమా రిఫాత్, నా కల?"

అంతే. అదే ఆఖరి మాట. ఆ తర్వాత భోజనం, టేబుల్, కాళ్లు.

ఎన్ని ప్రయత్నాలు చేశానని! షుక్రీ దగ్గరికెళ్లి, ఆడవాళ్లకు సాధారణంగా ఏం కావాలని అడిగాను. నేనేదో మందు అడిగినట్టు వాడు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"నన్నడుగుతావేంటి ఉస్తాద్? వెళ్లి ఆవిడనే అడుగు."

"అడిగితే చెప్పదురా."

"అయితే ఎందుకు చెప్పదో అడుగు."

నాకా సలహా నచ్చలేదు. మందుల షాపువాడు మందులమ్ముకోవాలి గానీ ఇలాంటివి మాట్లాడకూడదు. హజ్జా ఇనాయత్ తలుపు కొట్టాను. ఆవిడ పళ్లేల్లో మిగిలిన కునాఫా నా ముందు పెట్టి, తను దూరంగా జరిగి కూర్చుంది.

"సఫీనాజ్ మీతో ఏమైనా అందా హజ్జా?"

"అంది నాయనా."

"ఏమంది?"

"నీకు చెబితే ఊరికి చెప్పినట్టే కదా?" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. నా కాలమ్‌ని మెచ్చుకుంటోందనుకున్నాను!

చివరికి విజన్ బోర్డునే నమ్ముకున్నాను. కొత్త అట్ట తీసుకుని నా ఊహకు తట్టినవన్నీ అంటించాను. బంగారు గాజులు, నైలు నది మీద లక్సర్ దాకా పడవ ప్రయాణం, పట్టు తెరలు, పొయ్యి, పిల్లి. దాన్ని వంటింటి గోడకు తగిలించి, "ఏది కావాలో వేలు పెట్టి చూపించు చాలు" అన్నాను. చుక్కకూర తరుగుతున్న సఫీనాజ్ కత్తి కింద పెట్టింది. అట్ట వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"నేను దిష్టికి భయపడి దాచాననుకుంటున్నావా?"

"మరి?"

"పొరుగువాళ్ల కన్నూ చుట్టాల కన్నూ నాకో లెక్కా? ఉప్పు పొయ్యిలో వేస్తే పోతాయవి. నాకు భయం నీ కాలమ్ అంటే!"

నేను నోరు తెరిచాను. "పాఠకులకు నువ్వంటే ఎంత ఇష్టమో తెలుసా? నాకంటే ఎక్కువ. ఎడిటరే అన్నాడు..."

"నా మోకాలి ఆపరేషన్ రాశావు. కట్టు విప్పకముందే రొట్టెలవాడు 'ఇప్పుడు వంగుతోందా అమ్మా' అనడిగాడు. మా అక్క నామీద అలిగిన సంగతి రాశావు. అలక తీరేదల్లా అది చదివి రెండేళ్లు సాగింది. నేను డ్రైవింగ్ పరీక్షలో గోడని గుద్దితే రాశావు. మళ్లీ పరీక్షకెళ్తే ఆ ఆఫీసరు లేచి నిలబడి, 'రండి మేడమ్, గోడ మిమ్మల్నే తలుచుకుంటోంది' అన్నాడు. తిరిగి ఇంటికొచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. అది తెలుసా నీకు?"

తెలీదు.

"నాకేదైనా కావాలనిపిస్తే ముందు నీ కంట పడకుండా దాచుకోవాలి రిఫాత్. ఊరి కంటిని ఇంట్లోనే పెట్టుకుని, అన్నం పెట్టి పెంచుతున్నాను నేను."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేవాణ్ణి, అలా తేలికయ్యేది. నాకు సిగ్గేసింది. బాధ కూడా వేసింది. ఇన్నేళ్లుగా ఆవిడ ఏమీ అడగకపోవడం వినయం అనుకుని మురిసిపోయాను, ఆ వినయం మీద కూడా రెండు కాలమ్‌లు రాశాను.

"రాయను," అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

సఫీనాజ్ వంటింటి తలుపు వేసింది. గాలి కిటికీ మూసింది, ఎందుకంటే అందులోంచి మాటలు నేరుగా హజ్జా ఇంట్లోకి దిగుతాయి. అయినా నమ్మకం కుదరక వాషింగ్ మెషిన్ తిప్పింది. ఖాళీ మెషిన్ గిరగిరా మోగుతుండగా నా చెవి దగ్గరకొచ్చి, తనకేం కావాలో చెప్పింది.

పాఠకులారా, అది నేనూహించినవాటిలో లేదు. ఏ పత్రికలోనూ దాని బొమ్మ దొరకదు. అది జరగాలంటే విశ్వం అక్కర్లేదు, నేను కదిలితే చాలు. కదిలాను కూడా. జరుగుతోంది. జరగకముందే ఎవరి నోటా పడకూడదని రోజూ ప్రార్థిస్తున్నాను. జీవితంలో మొదటిసారి నాకు దిష్టి అంటే నిజంగా భయం వేస్తోంది.

"మెషిన్ సంగతి రాసుకో, ఊరు నవ్వుకోనీ," అని సఫీనాజే అనుమతిచ్చింది. అందుకే ఇంత రాశాను.

ఇక్కడితో ఆపితే మీరు ఊరుకోరని నాకు తెలుసు. రొట్టెలవాడు అడుగుతాడు, డ్రైవింగ్ ఆఫీసరు అడుగుతాడు, ఎడిటరైతే ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. సరే, మీ దగ్గర నాకు దాపరికమేముంది? చెప్పేస్తాను, వినండి. మా ఆవిడకు కావలసింది ఒక ఇస్త్రీ పెట్టె. ఆవిరితో పనిచేసేది, నీలం రంగుది, పిడి కాస్త పొడుగ్గా ఉండాలి. అంతకు మించి ఇంకేమీ లేదు. దయచేసి మీ కళ్లన్నీ ఆ ఇస్త్రీ పెట్టె మీదే పెట్టండి.