నలభై ఏళ్ల తాడు

సముద్రంలో తేలుతూ చమురు తీసే మన ప్లాట్‌ఫారాన్ని ఇకమీదట ఇనప గొలుసులు కాక మన ఫైబర్ తాళ్లే పట్టి ఉంచుతాయనీ, ఇరవై ఏళ్లదాకా వాటికి ఢోకా లేదనీ మంత్రిగారు ప్రకటించారు. హాలంతా చప్పట్లు మోగాయి. ఆ తాళ్లు ఇరవై ఏళ్లు ఉంటాయో ఉండవో తేల్చే పరీక్ష అప్పటికి మొదలై ఐదు రోజులే అయింది. అంత ముందుచూపున్న నాయకుడు దొరకడం మన అదృష్టం.

లాబ్‌లో ఆ పరీక్ష చేస్తున్న ఇంజనీరు మాత్రం వార్త విని చప్పట్లు కొట్టలేదు. అతని బావమరిది ఆ ప్లాట్‌ఫారం మీదే వెల్డరు.

సాయంత్రానికల్లా మంత్రిగారు పరివారంతో సహా లాబ్‌కే వచ్చేశారు. ఉప్పునీళ్లలో నానుతున్న తాడును మెషిను పది సెకన్లకోసారి లాగి వదులుతోంది. పక్కన మీటరు లెక్కపెడుతోంది.

"ఎన్నిసార్లు లాగాలయ్యా?"

"పది లక్షలండి. నాలుగు నెలలు పడుతుంది. ఇప్పటికి నలభై మూడు వేలైంది."

"ప్రారంభోత్సవం శుక్రవారం!"

అందరూ తాడుకేసి కోపంగా చూశారు. అప్పుడు మంత్రిగారి పీఎస్ గొంతు సవరించుకున్నాడు.

"లాగడం ఒకటి, వదలడం ఒకటి. రెండు కదా సార్?"

"అవును మరి! వదలడం మాత్రం పని కాదా?"

"తాడుకి కొసలు కూడా రెండండి," అన్నాడు మంత్రిగారి వెంట వచ్చిన చీఫ్ ఇంజనీరు. "పాపం, రెండూ కష్టపడుతున్నాయి."

"లోపల పన్నెండు పేటలున్నాయి సార్. ఏ పేట లెక్క దానిదే," అన్నాడు పీఎస్, ఫోను తీసి గుణిస్తూ. మొత్తం ఇరవై లక్షల అరవై నాలుగు వేలు తేలింది. ఇరవై ఏళ్లకని మొదలుపెట్టిన తాడు ఉన్నపళంగా నలభై ఏళ్లదైపోయింది. సైన్సు ఇంత వేగంగా ముందుకు పోవడం ఆ లాబ్ ఎన్నడూ చూడలేదు.

మంత్రిగారు తాడును ఆప్యాయంగా నిమిరారు. "కొత్తదానిలా నిగనిగలాడుతోంది కదయ్యా!"

"అది పైతొడుగండి," అన్నాడు ఇంజనీరు. "లోపల పోగులు ఒకదాన్నొకటి ఒరుసుకుని పొడైపోతాయి. బయటికి కనపడదు."

"బయటికి కనపడనిదాన్ని కాగితం మీద పెట్టి జనాన్ని భయపెడతావా?"

అంతమంది పెద్దలు లెక్క తేల్చాక కాదనడం మర్యాద కాదు. పైగా పీఎస్ స్వయంగా పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. ఇంజనీరు పెన్ను అందుకున్నాడు. తాడుకి నలభై ఏళ్లదాకా ఢోకా లేదన్న కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇంటికెళ్తే భార్య ఎదురొచ్చింది. "ఆ తాడు గట్టిదేనా? మా తమ్ముడు ఉండేది దాన్ని నమ్ముకునే కదండీ."

"మంత్రిగారే నలభై ఏళ్లన్నారుగా," అన్నాడు చెప్పులు విప్పుతూ. ఆమె మొహంలోకి చూడలేదు.

శుక్రవారం ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. మంత్రిగారు ప్లాట్‌ఫారం మీద నిలబడి, కాలితో మూడుసార్లు దబదబా తన్ని, "చూశారా, కదిలిందా?" అన్నారు. కదల్లేదు. కెమెరా కాస్త పక్కకి తిరిగినప్పుడు ఫైబర్ తాళ్ల వెంబడే నాలుగు లావుపాటి ఇనప గొలుసులు నీళ్లలోకి దిగి ఉండటం ఇంజనీరు కంటపడింది. అమ్మయ్య అనుకున్నాడు. ఇన్నాళ్లకి ఆ పూట కడుపునిండా తిన్నాడు. ఎంతైనా పెద్దవాళ్లు పెద్దవాళ్లే, అన్నీ ఆలోచించే చేస్తారని భార్యతో కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బావమరిది ఫోను చేశాడు.

"బావా! నీ పేరు ఇక్కడ మోగిపోతోందనుకో. మంత్రిగారు ఒడ్డుకి చేరారని కబురు రాగానే ఆ గొలుసులు విప్పేసి పట్టుకుపోయారు. ఇదేంటయ్యా అని మావాళ్లు గొడవ చేస్తే నీ కాగితం తెచ్చి చూపించారు. ఆ సంతకం మా బావదే, ఆయన ప్రాణం పోయినా అబద్ధం రాయడని చెప్పాను. అందరూ నోరు మూసుకుని పన్లోకి దిగారు."

ఇంజనీరు లేచి కిటికీలోంచి ఆకాశంకేసి చూశాడు.

"ఒరేయ్, అక్కడ గాలి ఎలా ఉంది?"

"ఇప్పుడే కాస్త మొదలైంది బావా. ఏం?"