పోయినాయన డేరా

ఆ శనివారం పొద్దున్న చెవులాయన పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రంలోగా ఒక డేరా, అంటే వీపున వేసుకుని కొండెక్కే చిన్న టెంటు, కొనాలి. అది తేలికగా ఉండాలి, చవకగానూ ఉండాలి. ఈ రెండు గుణాలూ ఒకే డేరాలో ఇమడవని ఆయన అప్పటికే దుకాణాలన్నీ తిరిగి తెలుసుకున్నాడు. తేలికైనవాటిని నగల్లా అద్దాల బీరువాలో పెట్టి దూరంనుంచి చూపించారు. చవకైనవాటిని ఎత్తి చూస్తే లోపల ఇంకా ఎవరో పడుకునే ఉన్నారా అన్నంత బరువున్నాయి.

చెవులాయన అంటే చెవి మిషన్లు అమర్చే మనిషి. తన చెవిమీద ఆయనకి మహా గురి. వంటింట్లో పాలు పొంగబోతున్నాయని హాల్లో కూర్చుని చెప్పగలడు. అయితే భార్య పెళ్ళైన దగ్గర్నుంచీ అడుగుతున్న మాట మాత్రం ఆ చెవికి సరిగ్గా ఎక్కలేదు. కొండెక్కి, పైనే పడుకుని, తెల్లారి లేచి మబ్బుల్ని కాళ్ళ కింద చూడాలని ఆవిడ కోరిక. ఏటా ఆయన నడుము అడ్డొచ్చేది. ఈసారి ఆవిడ తమ్ముడు, బళ్ళో డ్రిల్లు మాస్టారు, నడుం కట్టాడు.

"బావా, కొండమీద గ్రాము కిలో అవుతుంది, కిలో శని అవుతుంది. తేలికది చూసి కొను. లేదంటావా, నా టెంటులో నా పక్కన పడుకో."

డ్రిల్లు మాస్టారు నిద్రలో కూడా పిల్లలచేత కవాతు చేయిస్తాడని ఇంటిల్లిపాదికీ తెలుసు.

"ఈసారీ మీకు కుదరకపోతే నేనూ వాడూ వెళ్ళొస్తాం లెండి" అంది భార్య. ఆవిడ ఆ మాట కోపంగా అనలేదు. అందుకే ఆయనకి భయం వేసింది.

ఆ వారమంతా ఊరిని పొగమంచు వదల్లేదు. మిట్టమధ్యాహ్నం కూడా దుకాణాల్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఎదురుగా నడిచొచ్చే మనిషికి ముందు చెప్పుల చప్పుడు వచ్చేది, తర్వాత ఆకారం వచ్చేది. ఆ మంచులోంచే కుట్టుపని నేర్పే టీచరమ్మ తన చెవి మిషను శుభ్రం చేయించుకోడానికి ఆయన కొట్టుకి వచ్చి, బల్లమీద డేరాల బొమ్మలు చూసింది.

"మా ఇంట్లో ఒకటుంది బాబూ. దూదిపింజే అనుకో. మా ఆయనది. ఆయన పోయాక నాకెందుకది? నీకు తోచిందే ఇచ్చి పట్టుకుపో."

చెవులాయన వెంటనే ఆవిడ వెనకాలే వెళ్ళాడు. టీచరమ్మ ఇంటి డాబామీద, మంచు మధ్యలో, బూడిదరంగు డేరా ఒంటరిగా నిలబడి ఉంది. గాలి లేదు. అయినా దాని గుడ్డ తలుపు కాస్త లేస్తూ, కాస్త వాలుతూ, గురక రాని నిద్రలా కదులుతోంది. "ఈ గుడ్డ గరగరమంటే చెవిలో కంకర పోసినట్టుంటుంది" అని టీచరమ్మ మిషను తీసేసి డేరా మడవడం మొదలుపెట్టింది. ఇక ఆయన గొంతు పెంచక తప్పలేదు.

"ఎప్పుడు పోయారండీ?"

"మొన్నమొన్ననే. చెప్పా పెట్టకుండా పోయారు. ముందురోజు దీంట్లోనే పడుకున్నారు. తెల్లారి వచ్చి చూద్దును కదా, ఇంకెక్కడి ఆయన!"

చెవులాయన చేతిలో ఉన్న కొస జారిపోయింది. "దీంట్లోనేనా?"

"దీంట్లోనే. పైకి పోతాను, పైకి పోతానని ఎన్నాళ్ళనుంచో అంటూనే ఉన్నారు. నేనే పట్టించుకోలేదు."

"ఊరుకోండి. ఎప్పటికైనా అందరం పోవలసినవాళ్ళమే."

"అందర్నీ ఎలా రానిస్తారు బాబూ? పైన ఒక్క గదేనట."

దుఃఖంలో మనిషికి మాట తడబడుతుందని చెవులాయన సరిపెట్టుకున్నాడు. "ఇప్పుడు ఆయన ప్రశాంతంగా ఉంటారండీ."

"ఉండరూ మరి! అక్కడ నేను లేనుగా!"

సంచీ భుజానికి తగిలించుకుంటే ఏమీ తగిలించుకోనట్టే ఉంది. వెతికినన్నాళ్ళూ ఆ తేలికదనం కోసమే వెతికాడు. దొరికాక మాత్రం అది ఆయనకి నచ్చలేదు. ఇంత పల్చటి గుడ్డలో పడుకున్న ప్రాణానికి బయటికి పోవడం ఏపాటి పని అనిపించింది.

మర్నాడు భార్య బజారుకెళ్ళిన సమయం చూసి హాల్లో డేరా నిలబెట్టి, లోపలికి దూరాడు. అడుగు గుడ్డ మధ్యలో, నిలువెత్తు మనిషి పడుకున్నంత మేర, రంగు వెలిసి ఉంది. తలెక్కడో, భుజాలెక్కడో, మడిచిన మోకాళ్ళెక్కడో తెలుస్తూనే ఉన్నాయి. ఆ ఆకారాన్ని తొక్కకుండా చెవులాయన ఓ వారగా, మేకుల తిత్తి తలకింద పెట్టుకుని, బస్సులో పరాయివాళ్ళ పక్కన కూర్చున్నట్టు ఒదిగి పడుకున్నాడు.

అప్పుడు వినబడింది. కుయ్‌మని సన్నటి ఈల. ఎవరో చాలా దూరంనుంచి, అంటే మరీ అంత దూరంనుంచి, పిలుస్తున్నట్టు.

"ఎవరండీ?" అన్నాడు.

ఈల ఆగింది. అటు ఒత్తిగిలితే మళ్ళీ మొదలైంది. తన చెవి అబద్ధం చెప్పదని ఇన్నాళ్ళూ గర్వపడ్డ మనిషి, ఆ రోజు అది ఒక్క అబద్ధం చెబితే బాగుండునని కోరుకున్నాడు.

బామ్మర్దిని పిలిచి, తలుపేసి, సంగతంతా గుసగుసగా చెప్పాడు. "దెయ్యమా? నా దగ్గరా?" అని డ్రిల్లు మాస్టారు ఛాతీ విరిచి లోపలికి దూరాడు. వెళ్ళినంత వేగంగానూ వెనక్కి పాకుతూ బయటపడ్డాడు.

"నన్ను పేరు పెట్టి పిలిచింది బావా!"

"నాకు ఈల మాత్రమే వినబడిందిరా."

"మొదట ఈలే. తర్వాత పేరు."

భార్య బజారునుంచి వచ్చి చెప్పులు విప్పేలోగానే తమ్ముడు ఆవిడకి కథంతా అప్పజెప్పాడు. అందులో డేరా దానంతటదే లేచి నిలబడింది, గుడ్డమీది ఆకారం చెయ్యి ఊపింది. ఆవిడ అంతా విని మొగుడివైపు తిరిగింది.

"పోయినాయన మంచం ఎత్తుకొచ్చినట్టు టెంటు ఎత్తుకొచ్చారా? ఆవిణ్ణి ఓదార్చి ఒక్క మాటన్నా అన్నారా?"

"అన్నాను. అందరం పోవలసినవాళ్ళమే అన్నాను."

"బాగా ఓదార్చారు. పదండి. పళ్ళు పట్టుకెళ్ళి పలకరించి, ఆ టెంటు తిరిగిచ్చేసి వద్దాం. తన మనిషి ఆఖరున పడుకున్న గుడ్డ ఆవిడ దగ్గరే ఉండాలి."

ముగ్గురూ వేలాడేసిన మొహాలతో వెళ్ళేసరికి టీచరమ్మ మిషను కనబడక ఇల్లంతా గాలిస్తోంది. పళ్ళు చూసి సంతోషించింది. చెవులాయన భార్య ఆవిడ చేతులు పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఆయన పోయారని ఇప్పుడే తెలిసిందండీ" అంది. టీచరమ్మ ఆవిడ పెదాల కదలికలోంచి ఎలాగో 'పోయారు' ఒక్కటి పట్టుకుంది.

"పోయారమ్మా, పోయారు!" అంది, చెవి వినబడనివాళ్ళ గొంతుతో.

ఆ కేక గోడ దాటింది. పక్కింటావిడ చేస్తున్న పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో! ఆయన కనబడ్డం లేదేమిటా అనుకుంటూనే ఉన్నాను. గోడ పక్కన ఉండి నాకే తెలియలేదే!" అని శోకం మొదలుపెట్టింది. ఆ శోకానికి ఎదురింటివాళ్ళు, వాళ్ళ వెనక మలుపు దగ్గరివాళ్ళు వచ్చారు. మంచులోంచి ఒక్కొక్కరే ఆకారం దాల్చి, మాటా పలుకూ లేకుండా లోపలికొచ్చి, గోడల వెంబడి కూర్చున్నారు. ఇంతమంది చుట్టాల్లా వచ్చినందుకు టీచరమ్మ మురిసిపోయి అందరికీ మంచినీళ్ళు అందిస్తూ నవ్వింది. "దుఃఖం తలకెక్కింది, పాపం" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు.

పక్కింటాయన బాధ్యత నెత్తినేసుకుని, టీచరమ్మ భర్త పనిచేసే చోటికి, అంటే వానలు కొలిచే ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఆ భర్తని వీధిలో అందరూ వానల గుమాస్తా అంటారు. పక్కింటాయన ఫోన్ పెట్టేసి వచ్చాడు.

"ఆఫీసువాళ్ళు ఇంకెక్కడికో లైను కలిపారు. ఎవరో ఎత్తారు. మీ వానల గుమాస్తా పోయారండీ, నిద్రలోనేనట, అన్నాను. కాసేపు ఉత్త గాలి చప్పుడు. తర్వాత..."

"తర్వాత?"

"'నేనా?' అన్నారు. పెట్టేశారు."

లేచి వెళ్దామంటే బయట మంచు, కూర్చుందామంటే లోపల ఇది. పొద్దు వాలుతున్నా ఒకర్నొకరు చూసుకుంటూ అలాగే ఉండిపోయారు. ఇంతలో చెవులాయన భార్య ఒళ్ళో ఉన్న డేరా సంచీ కుయ్‌మంది. ఈసారి అందరూ విన్నారు. ఈల ఆగీ ఆగగానే గేటు కిర్రుమంది.

చెప్పుల చప్పుడు. తడి చెప్పులు. గుమ్మంలో, నీళ్ళు కారుతున్న వానకోటులో, వానల గుమాస్తా నిలబడ్డాడు.

పక్కింటావిడ ఉన్నచోటే ఒరిగిపోయింది. డ్రిల్లు మాస్టారు వరసలో అందరికంటే వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. టీచరమ్మ మాత్రం చేతిలో చెంబుతో ఎదురెళ్ళింది.

"వచ్చారా! కాళ్ళు తుడుచుకుని రండి. వీళ్ళంతా ఎందుకొచ్చారో కాస్త కనుక్కోండి. మిషను కనబడక చస్తున్నాను."

"నేను పోయానని ఫోనొచ్చింది" అన్నాడాయన గదంతా కలయజూసి. "ఎలా పోయానో కనుక్కుందామని బస్సెక్కాను."

చెవులాయన భార్య గభాల్న సంచీ విప్పి మేకుల తిత్తి దులిపింది. మేకులతో పాటు టీచరమ్మ చెవి మిషను కింద పడి, ఇంకోసారి ఈలవేసింది. రోజంతా కొట్లో ఆ ఈల వింటూ బతికే మనిషివైపు గదిలో తలలన్నీ ఒక్కసారే తిరిగాయి. చెవులాయన డేరాలోకి దూరిపోదామనుకున్నాడు. అది మడిచి ఉంది.

మిషను పెట్టుకున్నాక టీచరమ్మకి సంగతంతా తెలిసింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది గాని నీళ్ళు ఆగలేదు. "పైకి అంటే కొండమీది ఆఫీసుకి బాబూ! బదిలీ అడిగి వేయించుకున్నారు. పోయారు అంటే... అంత మాట నేనెందుకంటాను?"

"ఈవిడ టీవీ మోతకి డాబామీద టెంటు వేసుకున్నాను. అక్కడికీ వినబడింది. కొండెక్కాను" అన్నాడు వానల గుమాస్తా నేలచూపుతో. "ఫోన్ పెట్టేశాక మాత్రం, అక్కడ మరీ నిశ్శబ్దంగా ఉందనిపించింది."

"మోత తగ్గిస్తాను. ఆదివారాలన్నా దిగిరండి."

ఆయన తలూపాడు. డేరా మాత్రం ఇవ్వనన్నాడు. ఎందుకైనా మంచిదట. దానికి బదులు తన గది పక్కన వసారా ఉందనీ, ఎవరైనా వచ్చి పడుకోవచ్చనీ చెప్పాడు. వసారాకి బరువు లేదు, ధర లేదు. ఆ వారం చివర చెవులాయన వట్టి వీపుతో, నడుం పట్టుకుంటూనే కొండెక్కాడు. తెల్లారి మబ్బులు కాళ్ళ కిందికి వచ్చినప్పుడు భార్య ఏదో అంది. గాలికి ఆయనకి వినబడలేదు. మళ్ళీ చెప్పమని దగ్గరికి జరిగాడు.

వానల గుమాస్తా ఇప్పుడు ఆదివారాలు ఇంటికి వస్తున్నాడు. ఎదురుపడినప్పుడల్లా పక్కింటావిడ గోడవారకి తప్పుకుని దారిచ్చి, ఆయన వెళ్ళాక అంటుంది: "పోయినాయనైనా మనిషి మర్యాదస్థుడు."