ఖాళీలు పూరింపుము

రాష్ట్రంలోని బడుల్లో ఖాళీలన్నీ ఒకే రోజు, ఒకే గంటలో భర్తీ చేస్తామని విద్యామంత్రిగారు ప్రకటించారు. ఇంత పెద్ద మాటను దగ్గైనా రాకుండా చెప్పడం ఆయనకే చెల్లింది.

ఆ వార్త వింటూ తెలుగు టీచరు కూరలో రెండోసారి ఉప్పు వేసింది. లెక్కల మాస్టారు రిటైరైనప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, బడిలో లెక్కలూ ఆవిడే చెబుతోంది.

"కొత్త లెక్కల మాస్టారు వచ్చేస్తున్నారండీ," అంది భర్తతో.

"కూర నోట్లో పెట్టుకోగానే తెలిసింది," అన్నాడాయన.

చెప్పిన రోజున జీపు వచ్చింది. అందులోంచి మాస్టారు దిగలేదు, ప్రశ్నపత్రాల కట్టలు దిగాయి. వెనకాలే విద్యాధికారి.

"రాష్ట్రమంతటికీ ఒకే పరీక్షమ్మా. లెక్కల్లో వంద ఖాళీలు. గంటలో పూరించాలి."

"సార్, మంత్రిగారన్నది పోస్టుల ఖాళీలు కదండీ?"

"ఆర్డర్లో ఖాళీలనే ఉంది. ఏ ఖాళీలన్నది లేదు. తొమ్మిది మీటింగులు పెట్టి, గంటలో నిండేవి ఇవేనని తేల్చాం." గొంతు తగ్గించాడు. "ఒక్కటి మిగిలిందా, కొత్త మాస్టారి సంగతి మర్చిపోండి."

ఆవిడ గబగబా తరగతిలోకి వెళ్లింది. "తెలియకపోయినా సరే, ఏదో ఒకటి రాయండర్రా. చుక్కలు కనబడకూడదు."

పిల్లలు బుద్ధిమంతులు. 'ఏడు తొమ్మిదులు ......' అన్నచోట 'చాలా ఎక్కువ' అని రాశారు. 'వృత్త కేంద్రం ......' అన్నచోట 'మధ్యలో ఉంటుంది' అన్నారు. 'త్రిభుజ వైశాల్యం ......' దగ్గర మాత్రం నలభైమందీ ఒక్కమాట మీద 'షష్ఠీ తత్పురుష సమాసం' అని రాశారు. టీచరు చెప్పిన పాఠం అంత గట్టిగా నాటుకుంది.

జవాబులు దిద్దే పని ఎవరూ పెట్టుకోలేదు. నిండాయా లేదా అన్నదే చూశారు. రాష్ట్రం నూటికి నూరు శాతం నిండింది. మంత్రిగారికి సన్మానాలు మొదలయ్యాయి. బడికి ప్రశంసాపత్రం పట్టుకుని విద్యాధికారి స్వయంగా వచ్చాడు.

"మరి లెక్కల మాస్టారో, సార్?"

"మీ రిపోర్టు చూడండమ్మా. ఖాళీలు, సున్నా. లేని ఖాళీలో మనిషినెలా వేయను?"

ఇంతలో ఆయన చూపు ప్రశంసాపత్రం అడుగున ఆగింది. 'లెక్కల ఉపాధ్యాయులు ......' అని ఉంది.

"ఇదేంటి, ఇక్కడ చుక్కలు?" కంగారుగా పెన్ను ఆవిడ చేతిలో పెట్టాడు. "మంత్రిగారు చూస్తే నా ఉద్యోగం పోతుంది. ఏదో ఒకటి రాయండి."

షష్ఠీ తత్పురుష అని రాద్దామనిపించింది. పిల్లలు చూస్తున్నారు కదా అని తన పేరు రాసింది.

మర్నాడు టైంటేబుల్లో లెక్కల ఎదురుగా ఆవిడ పేరుంది. తెలుగు ఎదురుగా చుక్కలున్నాయి.