పైనుంచి కిందికి కట్టిన పిరమిడ్

అడుగు మెట్టు లేకుండా పై మెట్టు దేనిమీద నిలబడుతుంది?

ఈ ప్రశ్నను మా వీధి ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న పావని, మైకు ముందు నిలబడి, సాక్షాత్తు మంత్రిగారిని అడిగింది. జవాబు ఇంతవరకు రాలేదు. ప్రశ్న చాలా బాగుందని మాత్రం వేదికమీద ఉన్నవారందరూ ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు. మంత్రిగారు ఆమెకు ఒక పెన్ను బహూకరించారు. ప్రశ్న అడిగినవారికి పెన్ను ఇచ్చి కూర్చోబెట్టే ప్రభుత్వం దొరకడం మన అదృష్టం కనుక, ఆ పెన్ను దాకా ఎలా వచ్చామో, ఆ తరువాత ఏం జరిగిందో పాఠకులకు నివేదించడం నా విధి.

జూలైలో మంత్రి దేవీప్రసాద్ గారు అనకాపల్లికి విచ్చేసి చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. హైస్కూలు విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం ప్రాథమిక పాఠాలు మన ఊరినుంచే ఆరంభమవుతాయన్నారు. "ఇన్నాళ్లూ ఈ ఊరు బెల్లానికి ఫేమస్. ఇకమీదట మైండుకి ఫేమస్" అన్నారు. చప్పట్లు మోగాయి. ముందు వరుసలోని బెల్లం వర్తకులు కొంచెం ఆలస్యంగా కొట్టారు.

అదే పాఠశాల ఆవరణలో ఒక మూల, గత ప్రభుత్వం ఆడపిల్లల కోసం మొదలుపెట్టిన మరుగుదొడ్లు ఉన్నాయి. ఉన్నాయి అనడం సాహసమే. గొయ్యి తవ్వారు, దానిమీద పలక వేశారు, పునాది కట్టారు, పింగాణీ బేసిన్లు కూడా బిగించారు. గోడలు లేచేలోగా ఎన్నికలు వచ్చాయి. కొత్త ప్రభుత్వం పాత ప్రభుత్వపు పునాదిమీద గోడ కడితే కీర్తి ఎవరి ఖాతాలో పడుతుందన్నది తేలక, అవి ఆకాశం కింద అలాగే ఉండిపోయాయి. మగపిల్లలకు ప్రహరీ గోడ ఉంది.

ఆడపిల్లలకు నా ఇల్లు ఉంది. పాఠశాలకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల. ఇంటర్వెల్‌లో బెల్లం లారీలను తప్పించుకుని వచ్చేవాళ్లు. వరుసలో సగంమందికి వంతు రాకముందే గంట కొట్టేవారు. ఒకరోజు ఒక అధికారి వచ్చి నా స్నానాలగదికి ఫొటో తీసుకుని వెళ్లాడు. పాఠశాలకు అందుబాటులో ఉన్న సౌకర్యాల కింద దాన్ని చూపించారని తరువాత తెలిసింది. ఎవరూ అడగకుండానే జాతికి అంకితమైన స్నానాలగదులు ఎన్ని ఉంటాయి?

ఆగస్టులో పావని తల్లి కాసులమ్మ మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. వాళ్లది కశింకోట దగ్గర పల్లె. కాసులమ్మ చెరుకు తోటల్లో కూలిపనికి వెళ్తుంది. పావని షేర్ ఆటోలో బడికి వస్తుంది.

"అమ్మగోరూ, మా పాప పొద్దున్న లేసి సుక్క నీళ్లు తాగదండి. ఏటే అంటే, తాగితే బళ్లో ఎక్కడికెల్లమంటావే అంటాది."

"మా ఇంటికి రమ్మన్నాను కదా, కాసులమ్మా."

"వత్తందండి. వంతు రాకండా ఎనక్కెల్లిపోతంది. మొన్న జొరమొచ్చి పడిపోనాది. డాట్రమ్మగోరు ఒంటేలు కాడ ఇన్‌ఫెక్షనన్నారు. నీళ్లు తాగించకపోతే కిడ్నీలు పోతాయన్నారు." కాసేపు చీరకొంగు మెలిపెట్టింది. "దసరా దాకా సూత్తాను. అప్పటికీ దొడ్డి కట్టకపోతే బడి మానిపించేసి నా ఎనకాల చెరుక్కి తోలుకుపోతాను. అక్కడ తోటైనా ఉంటాది."

ఆమె వాదనలో లోపం వెదికాను. కనిపించలేదు.

సెప్టెంబరులో మంత్రిగారు స్వయంగా పాఠం చూడటానికి వచ్చారు. దూరప్రయాణం కనుక ముందు మా ఇంటికి వచ్చారు. వారు లోపల ఉన్నంతసేపూ స్నానాలగది తలుపు బయట ఇద్దరు గన్‌మెన్ కాపలా ఉన్నారు. ఆ తరువాతే సభ మొదలైంది.

హెడ్మాస్టరు వరప్రసాదరావు మాస్టారు 'సంతృప్తిని వాయిదా వేయడం' అనే పాఠాన్ని ప్రయోగపూర్వకంగా చెప్పారు. ప్రతి పిల్ల ముందూ ఒక బెల్లం ముక్క పెట్టించారు. పావుగంట ముట్టుకోకుండా ఆగినవారికి రెండో ముక్క ఇస్తామన్నారు. పిల్లలందరూ ఆగారు. రెండో ముక్కల బుట్ట వేదిక వెనుక, కార్యకర్తల సంరక్షణలో ఉంది. పావుగంట తరువాత బుట్ట తెచ్చి చూస్తే అందులో కాగితమే మిగిలింది.

"ఆగడమే అసలైన బహుమతి" అని మాస్టారు అక్కడికక్కడ పాఠాన్ని ముగించారు.

మంత్రిగారు ముగ్ధులయ్యారు. మైకు అందుకున్నారు. "ఈ సూత్రం బెల్లానికే కాదు. ఆడపిల్లలకి టాయిలెట్లు లేవని కొందరు గోల చేస్తున్నారు. నేనంటాను, ఇది గోల్డెన్ ఆపర్చ్యునిటీ. ఇంటికెళ్లేదాకా ఆగగలిగిన అమ్మాయి రేపు ఐఏఎస్ అవుతుంది. సెల్ఫ్ కంట్రోల్ అమ్మా, సెల్ఫ్ కంట్రోల్."

తరువాత గోడమీది చార్టు చూపించారు. అది మనిషి అవసరాల పిరమిడ్. అడుగున ఆకలి, దాహం, నిద్ర, విసర్జన వంటి శరీరపు అవసరాలు. వాటిమీద భద్రత. దానిమీద ప్రేమ. దానిమీద గౌరవం. కొనమీద ఆత్మసాక్షాత్కారం. అడుగు మెట్టు తీరితేగాని మనిషి చూపు పై మెట్టుకు వెళ్లదని కింద రాసి ఉంది. మంత్రిగారు ఆ చివరి వాక్యాన్ని చదవలేదు.

"గత ప్రభుత్వం అడుగు మెట్టు దగ్గరే ఆగిపోయింది" అన్నారు. "మనం డైరెక్టుగా పై మెట్టుతో మొదలుపెడుతున్నాం."

అప్పుడే పావని లేచి, నేను మొదట రాసిన ప్రశ్న అడిగింది. పెన్ను పుచ్చుకుంది. కూర్చుంది. పక్కనున్న స్నేహితురాలు సుజి, "పెన్నులోకి పోసేత్తావేటే" అని గొణిగింది. రెండు వరుసల దాకా నవ్వు పాకింది. అది విద్యార్థుల ఉత్సాహమని మర్నాటి పత్రికలు రాశాయి.

పావని ప్రశ్న వృథా పోలేదు. మంత్రిగారు దాని గురించి లోతుగా ఆలోచించి, పిల్లలకు పిరమిడ్ కళ్లారా కనిపించకపోవడం వల్లనే ఇలాంటి సందేహాలు వస్తున్నాయని గ్రహించారు. ఆవరణలో ఒక పెద్ద పిరమిడ్ నిర్మించాలని ఆదేశించారు. స్థలం కోసం వెదుకుతుంటే గోడలు లేని ఆ మూలన గట్టి పునాది సిద్ధంగా కనిపించింది. ప్రజాధనం పొదుపు చేయాలన్న తపన ఉన్నవారికే ఇలాంటివి కనిపిస్తాయి.

పని కాంట్రాక్టరు నానాజీకి దక్కింది. అతను పార్టీ పట్టణ శాఖలో ముఖ్యుడు. దసరాలోగా పై మెట్టు ప్రారంభించాలని, ముహూర్తం కుదిరిందని మంత్రిగారు చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పావని సంగతి అడగడానికి వెళ్లాను. అవకాశం రాలేదు.

"పై మెట్టు ముందంటే ఎలాగండి బాబూ?" అని నానాజీ తల గోక్కున్నాడు. "కింద ఏటీ లేకండా కొన ఎక్కడెట్టమంటారు?"

"నువ్వు ఎప్పుడూ కింద గురించే ఆలోచిస్తావు నానాజీ. అందుకే ఇంకా కాంట్రాక్టరుగా ఉన్నావు."

"అది నిజవేనండి. మరి గాలొత్తే?"

"ఆత్మసాక్షాత్కారానికి గాలేమిటయ్యా."

ముహూర్తానికి నాలుగు సరుగుడు కర్రలు పాతి, వాటిమీద బంగారు రంగు వేసిన ఫైబర్ కొనను నిలబెట్టారు. మంత్రిగారు నిచ్చెన ఎక్కి రిబ్బన్ కత్తిరించారు. నిచ్చెనను ఆరుగురు పట్టుకున్నారు. కొనను ఎవరూ పట్టుకోలేదు. ఆ సాయంత్రం ఈదురుగాలికి ఆత్మసాక్షాత్కారం తుమ్మపాల వైపు వాలింది. నానాజీ పరుగున వచ్చి దాని కింద గౌరవం అనే రేకు బిగించాడు. అది ఊగితే దాని కింద ప్రేమ. ప్రేమ నిలవక భద్రత. చివరికి నేల తగిలేదాకా ఫైబర్ షీట్లు దిగుతూ వచ్చి, అడుగు మెట్టు దానంతట అదే ఏర్పడింది. పైనుంచి కిందికి కట్టిన పిరమిడ్ ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఉంటే దానికీ మన మంత్రిగారివంటి వారే కారణమై ఉంటారు.

లోపలంతా బోలు. కొనలో వెలిగే బల్బు మాడిపోతే మార్చడానికి అడుగు మెట్టులో ఒక చిన్న తలుపు పెట్టారు. లోపల నేలను ముట్టుకోలేదు. "అది పాత గవర్నమెంటు వర్కండి, మన ఎస్టిమేటులో లేదు" అన్నాడు నానాజీ.

దసరా సెలవులు ముగిసిన రోజు కాసులమ్మ కూతురి చేయి పట్టుకుని బడికి వచ్చింది. టీసీ తీసుకుపోవడానికి. సుజి ఎదురువెళ్లి పావనిని పిరమిడ్ వైపు లాక్కుపోయింది. చేతిలో బోరింగు దగ్గర నింపిన బకెట్టు, మగ్గు ఉన్నాయి. కాసులమ్మ కూడా తలుపులోంచి తల పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఓలమ్మ, గోడలు కట్టేసినారేటే" అంది.

టీసీ అడగకుండానే ఆటో ఎక్కింది. మర్నాటినుంచి పావని బడికి నీళ్ల సీసా తెచ్చుకోసాగింది. ఇంటర్వెల్‌లో నా గుమ్మం ముందు వరుస కనిపించడం మానేసింది. రోడ్డుకు అవతల, పిరమిడ్ ముందు కనిపించసాగింది. నేను వడ్రంగిని పిలిపించి తలుపు లోపల ఒక గడియ బిగింపించాను.

మాస్టారికి ఈ సంగతి తెలుసా అని నన్ను అడగవద్దు. ఆయన ఆ మూలకు చూడరు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన చేసిన ఉత్తమమైన పని ఆ చూడకపోవడమే. నవంబరు నివేదికలో మాత్రం ఆడపిల్లల హాజరు పెరిగిందని, వారు పిరమిడ్‌ను క్యూ కట్టి మరీ అధ్యయనం చేస్తున్నారని రాశారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

నివేదిక చదివిన మంత్రిగారు ఆనందం పట్టలేక కెమెరాలతో సహా వచ్చారు. తలుపు మూసి ఉంది. ముందు సుజి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"లోపలేం జరుగుతోందమ్మా?"

"ప్రాక్టికల్స్ సార్."

"వెరీ గుడ్. ఏ మెట్టు?"

"అడుగు మెట్టు సార్."

"లోపల ఎవరున్నారు?"

"పావని సార్. అయిపోవచ్చింది."

"పెన్ను అమ్మాయేనా? నేను అప్పుడే అనుకున్నాను." మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. అంతలో లోపల నీళ్లు పోసిన చప్పుడైంది. "అదేమిటి?"

"దాహం చాప్టర్ సార్."

మంత్రిగారు తలుపు లాగారు. గడియ వేసి ఉంది. తలుపు తెరుచుకోలేదు. సుజి ఇంకొంచెం అడ్డంగా జరిగింది. మాస్టారు ఆకాశంలో మబ్బులను పరిశీలించసాగారు. కాసేపటికి పావని బయటికి వచ్చి, తలుపు వెనక్కి నెట్టి మూసి, నమస్కారం పెట్టింది. మంత్రిగారు ఆమె భుజం తట్టి అభినందించారు. లోపలికి మాత్రం వెళ్లలేదు. తెల్ల చెప్పులు వేసుకుని ఉన్నారు, గుమ్మం తడిగా ఉంది.

ఆ సాయంత్రం సభలో ఆందోళన వ్యక్తం చేశారు. "మన అమ్మాయిలు అడుగు మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. పైకి రావాలి. ఇంకో విషయం. లోపల గడియ పెట్టుకుని చదవడమేంటి? నాలెడ్జి ఓపెన్‌గా ఉండాలి. ట్రాన్స్‌పరెన్సీ మన ప్రభుత్వ విధానం. ఇతర జిల్లాలనుంచి ప్రతినిధి బృందాలు వస్తాయి. వాళ్లు ఎప్పుడు వచ్చినా తలుపు తెరుచుకోవాలి."

మర్నాడు నానాజీ మనిషి వచ్చి గడియ ఊడదీసుకుపోయాడు. నేను రెండోది బిగింపించాను. అదీ పోయింది. మూడోసారి నానాజీయే నేరుగా వచ్చి నా గుమ్మం ముందు చెప్పులు విడిచాడు.

"అమ్మగోరూ, ఇది గవర్నమెంటు ఆస్తండి. అనధికారికంగా మార్పులు సేత్తన్నారని మీ పేరు పైకి ఎల్లిపోనాది. మల్లీ బిగిస్తే కేసు పెట్టమన్నారు. నాకేటీ బాగోలేదండి, మా అప్ప కూతురు కూడా ఆ బళ్లోనే సదువుతంది."

"అయితే ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్తుంది, నానాజీ?"

అతను చెప్పులు తొడుక్కున్నాడు.

ఇప్పుడు తలుపును లోపలినుంచి ఒకరు చున్నీతో లాగి పట్టుకుంటే, బయట ఒకరు కాపలా కాస్తున్నారు. తొలి ప్రతినిధి బృందం సోమవారం వస్తోంది. మంత్రిగారు స్వహస్తాలతో తలుపు తెరిచి చూపిస్తారట. పావని రెండు రోజులుగా నీళ్ల సీసా ఇంట్లోనే వదిలి వస్తోంది. నిన్న కాసులమ్మ మళ్లీ మాస్టారి గది ముందు కనిపించింది.

నా పేరు పైకి వెళ్లింది. మీ పేరు ఇంకా వెళ్లలేదు. కనుక ఈ పత్రిక మడిచి పక్కన పెట్టి, మీ వీధిలోని ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్లండి. జానెడు గడియ ఒకటి అడగండి. సోమవారం మొదటి గంట కొట్టేలోగా తెచ్చి, ఆ తలుపుకు లోపలివైపు మీరే బిగించండి. ఎవరైనా ఊడదీస్తే మంగళవారం ఇంకొకటి తెండి. స్క్రూలు మరిచిపోకండి.